ఉచితంగా వచ్చిన దుప్పటి

దర్గాలో ఉంటున్న ఖాసిం తాతకు చలిజ్వరం, దగ్గు పట్టుకున్నాయి. కమాల్ బాబా తన శిష్యుడు దస్తగిరి చేతిలో డబ్బు పెట్టి, ఒక దుప్పటి, డాక్టరు రాసిన మందు తెమ్మని టౌనుకు పంపాడు.

దస్తగిరి మూడు దుప్పట్లు నెత్తిన పెట్టుకుని తిరిగొచ్చాడు.

"రెండు కొంటే ఒకటి ఉచితం బాబా. ఈ రోజుతో సరి అన్నారు. వదులుకుంటే మనకే నష్టం," అని చంకలు గుద్దుకున్నాడు.

"మందేదీ?"

డబ్బంతా దుప్పట్లకే అయిపోయింది. లోపల తాత ఊపిరాడనట్టు దగ్గుతున్నాడు. ఆ దగ్గు వింటుంటే దస్తగిరికి తల ఎత్తాలంటే సిగ్గేసింది.

బాబా ఒక దుప్పటి తీసుకెళ్లి తాతకు కప్పాడు. మిగిలిన రెండూ చంకన పెట్టుకుని "పద," అన్నాడు.

టౌనులో వాళ్లను చూడగానే దుప్పట్ల అంగడి యజమాని రంగనాయకులు గోడ మీది కాగితం చూపించాడు. అమ్మిన సరుకు వాపసు తీసుకోరట. బయట బోర్డు మీద ఉచితం అన్న మాట తలుపంత ఉంది. ఈ మాట మాత్రం కళ్లు చిట్లించుకుంటే గానీ కనపడదు.

బాబా రెండు దుప్పట్లూ బల్ల మీద పెట్టాడు. "ఇవి మేం కొన్నవి. డబ్బు వాపసు ఇయ్యి."

"మూడోదేదీ?"

"అది ఉచితం గదా. మా ముసలాయన కప్పుకున్నాడు."

"అదెట్లా సాహెబూ? ఈ రెండూ కొంటేనే గదా అది ఇచ్చేది. దాని డబ్బులు ఎవరిస్తారు?"

"ఓహో, దానికీ డబ్బులుండాయా?"

కొనడానికొచ్చిన వాళ్లు బేరాలు ఆపి ఇటు తిరిగారు. రంగనాయకులు గొంతు తగ్గించాడు. "లోపలికి రా, మాట్లాడుకుందాం."

"ఇక్కడే చెప్పు. బోర్డు నువ్వు వీధిలోనే కట్టినావు గదా."

బాబా బల్ల దగ్గర్నుంచి కదల్లేదు. జనం కూడా కదల్లేదు. చివరికి రంగనాయకులు ఒక్క దుప్పటి ధర ఎంతో చెప్పక తప్పలేదు.

"దాని ధర పట్టుకో. తక్కింది ఇయ్యి. మందు కొనాల."

రంగనాయకులు పళ్లు నూరుతూనే ఇచ్చాడు. అయినా బుద్ధి ఊరుకుంటుందా? మెట్లు దిగుతున్న దస్తగిరిని పిలిచాడు.

"ఏమప్పా, ఇంకోటి తీస్కపో. నీకని సగం ధరకే ఇస్తా. రేపొస్తే దొరకదు."

బాబా ఆగలేదు, వెనక్కి చూడలేదు. దస్తగిరి మాత్రం ఆగాడు.

"మా దర్గాలో చలి ఒక్కాయనకే," అని, మందుల షాపు వైపు నడిచాడు.