మదారు మడమలు

మదారు బుట్ట ఆ రోజు కూడా నిండుగానే తిరిగి వచ్చింది. దస్తగిరి బుట్ట మాత్రం ఖాళీ.

ఇద్దరూ లతీఫ్ బాబా శిష్యులే. సముద్రం పక్కన, ఉప్పు మడులున్న ఊరి చివర ఫకీర్లుండే చిన్న తకియా ఒకటి బాబాకు ఉండేది. నాలుగు పూరిపాకలు, నమాజు చేసుకోవడానికి ఒక అరుగు, అంతే. నువ్వులనూనెలో గుగ్గిలం, తేనెమైనం కరిగించి బాబా ఒక మలాము కాచేవారు. దాన్ని మట్టి భరిణెలకెత్తి శిష్యులు ఊళ్లో ఇచ్చి రావాలి. జనం బదులుగా ఇచ్చే గింజలతోనే తకియాలో పొయ్యి వెలిగేది. మలాము బుట్ట నెత్తిన ఉన్నంతసేపూ కాలికి చెప్పు తొడగకూడదన్నది అక్కడి కట్టుబాటు.

మలాము కలిపే గరిటె మాత్రం బాబా ఎవరి చేతికీ ఇచ్చేవారు కాదు. ఈసారి ఉరుసులోగా ఒకరికి అప్పగిస్తానని అన్నారు. మదారు వచ్చి తొమ్మిదేళ్లయింది. దస్తగిరి వచ్చి రెండేళ్లు కూడా నిండలేదు. గరిటె వాడికే పోతుందని మదారుకు దిగులు పట్టుకుంది. అన్నం సయించడం మానేసింది.

మొదట తన తెలివంతా వాడి చూశాడు. ఆదివారం సంతలో డప్పు కొట్టి, "తలనొప్పికి, పంటిపోటుకి, గజ్జికి, తామరకి, జుట్టు రాలడానికి, దిష్టికి, అన్నిటికీ ఒకటే మలాము" అని గొంతు పోయేలా అరిచాడు. నొప్పి లేని మనిషి ఉండడు గనక అందరూ ఎగబడతారని అతని ఆలోచన.

పచారీ కొట్టావిడ ఒకామె ఆగి, "ఇది నా మోకాళ్లకా సాయిబూ, మా ఆయన బట్టతలకా?" అని అడిగింది.

"రెండింటికీనమ్మా."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్లిపోయింది. ఆ తర్వాత సంతలో మదారును ఎవరు చూసినా నవ్వారే గానీ బుట్టలో చెయ్యి పెట్టలేదు.

ఇక లాభం లేదని మదారు దస్తగిరి మీద కన్నేశాడు. రోజూ తెల్లవారగానే బుట్ట నెత్తిన పెట్టుకుని, సర్కారు తుమ్మల చాటున నక్కుతూ, ఉప్పు గట్ల వెంట వాడి వెనకాలే తిరిగాడు. ఎవరైనా ఆడమనిషి దస్తగిరిని చూసి నవ్వుతూ పలకరిస్తే ఇక్కడ మదారు కడుపు మండిపోయేది. వాడి బుట్ట తేలికవుతున్నకొద్దీ తన బుట్ట బరువెక్కుతున్నట్టుండేది.

నెల తిరిగేసరికి దస్తగిరి గురించి అతనికి తెలియనిది లేదు. తెల్లటోపీ కాస్త ఎడమకు వంచి పెడతాడు. తూము పక్కన రాయి మీద కూర్చుంటాడు. ఒక మోకాలు ముడుస్తాడు. గొంతెత్తడు. మడిలోంచి గట్టెక్కినవాళ్లతో "మడమ పగిలిందా అక్కా?" అంటాడు.

మదారు అలాంటి టోపీయే కుట్టించుకున్నాడు. ఎడమకు వంచాడు. రాయి వెతుక్కుని ఒక మోకాలు ముడిచి కూర్చున్నాడు. మడుల దగ్గర ఎలాగూ దస్తగిరి ఉంటాడు కదా అని బట్టల కొట్ల వీధిలో కూర్చున్నాడు. అక్కడ అందరూ కిర్రుచెప్పులవాళ్లే. వచ్చేపోయేవాళ్లతో మెల్లగా, "మడమ పగిలిందా అక్కా?" అన్నాడు.

"నేను నీకు అక్కలా కనిపిస్తున్నానా?" అని ఒక మీసాల పెద్దమనిషి కసిరాడు.

ఆ సాయంత్రం మదారు నిండు బుట్ట తెచ్చి బాబా ముందు దించాడు.

"వాడి దగ్గర ఏదో మంత్రం ఉంది బాబా. టోపీ అదే, మాట అదే, మలాము అదే. వాడిది పోతుంది, నాది పోదు. నాకు చెప్పనిది ఏదో మీరు వాడికి చెప్పారు."

బాబా పొయ్యిలో మంట తగ్గించారు. "దస్తగిరి ఎలా కూర్చుంటాడు?"

మదారు చెప్పాడు. టోపీ వంపు చెప్పాడు, రాయి చెప్పాడు, ఏ మోకాలు ముడుస్తాడో చెప్పాడు, భరిణె మూత ఏ వేళ్లతో తీస్తాడో కూడా చెప్పాడు.

"వాడి దగ్గర తీసుకునేదెవరు?"

"ఉప్పు మడుల ఆడవాళ్లు."

"వాళ్ల కాళ్లెలా ఉన్నాయి?"

మదారు కాసేపు ఆలోచించాడు. "చూడలేదు బాబా."

బాబా లేచి చెంబుతో వేడినీళ్లు తెచ్చారు. మదారు ఎదురుగా నేల మీద కూర్చుని అతని కుడికాలు తన ఒళ్లోకి తీసుకున్నారు. మదారు సిగ్గుతో కాలు లాక్కోబోయాడు. బాబా వదల్లేదు.

మడమ నిండా పగుళ్లు. పగుళ్లలో ఉప్పు తెల్లగా పేరుకుంది. ఒకచోట నెత్తురు ఎండిపోయి ఉంది.

"ఎప్పటినుంచి ఇవి?"

"వాడి వెంట తిరిగినప్పటి నుంచేమో బాబా. పట్టించుకోలేదు."

బాబా మడమ కడిగి, మదారు బుట్టలోంచే ఒక భరిణె తీసి, మలాము మెల్లగా పగుళ్లలోకి ఎక్కించారు. మదారు పళ్లు బిగబట్టాడు. తర్వాత ఆ బిగువు సడలింది. కళ్లు మూతపడ్డాయి.

"పడుకుంటే దుప్పటి తగిలి మండుతుందా?"

"మండుతుంది బాబా."

"పొద్దున లేచాక?"

"మొదటి అడుగు వెయ్యాలంటే భయమేస్తుంది. గోడ పట్టుకుని నిలబడతాను."

"ఈ మాట ఎవరితోనైనా అన్నావా?"

"లేదు బాబా. ఎవరడిగారు?"

బాబా రెండో కాలు తీసుకున్నారు.

మర్నాడు మదారు టోపీ మామూలుగా పెట్టుకుని ఉప్పు మడులకు వెళ్లాడు. దస్తగిరి తూము దగ్గర ఉన్నాడు. మదారు అవతలి గట్టు మీద నిలబడ్డాడు. మడిలోంచి ఒక నడివయసు మనిషి ఉప్పు గంపతో పైకి వచ్చింది. మునివేళ్ల మీద బరువు మోపి, మడమ ఆనించకుండా నడుస్తోంది.

"పొద్దున లేవగానే గోడ పట్టుకుంటున్నావా అక్కా?" అన్నాడు మదారు.

ఆమె ఆగింది. గంప దించింది. "నీకెవరు చెప్పారు సాయిబూ?" అని, జవాబు కోసం చూడకుండానే గట్టు మీద కూర్చుని కాలు ముందుకు చాచింది. వెనక వస్తున్న ఇద్దరిని కూడా కేకేసి పిలిచింది.

పొద్దు వాలేవేళకు మదారు తకియాకు వచ్చాడు. బాబా పొయ్యి దగ్గర మలాము కలుపుతున్నారు. అతని బుట్ట వైపు చూడనేలేదు.

"ఇవాళ దస్తగిరి బుట్ట ఖాళీ అయిందా?" అని అడిగారు.

మదారు కాసేపు ఆలోచించాడు.

"చూడలేదు బాబా."

బాబా పక్కకు జరిగి గరిటె అతని చేతికిచ్చారు.