మూడు మైకులు, ఏడు చరణాలు

కుళ్లాయప్పకు నెల రోజులుగా ఒకటే బాధ. ఇంట్లో మూడు మైకులున్నాయి, ఏది ఉంచుకోవాలో తెలియదు.

తాడిపత్రిలో మోటార్లకు తీగ చుట్టి బతికే మనిషి అతను. సాయంత్రాలు తత్వాలు పాడతాడు. నేర్పింది దస్తగిరమ్మ, పరుపులు కుట్టే ముసలావిడ. ఆమె గురువు ఇమామయ్య కట్టిన తత్వాలు ఇరవై ఏడు. ఏ పుస్తకంలోనూ లేవు, ఆమె గొంతులోనే ఉండేవి. అరవై ఏళ్లు దూది ఏకిన దుమ్ముకు ఆ గొంతు కిందటేడు పూడుకుపోయింది. ఇప్పుడు మాట గుసగుసగా వస్తుంది, పాట రాదు. మాటలన్నీ ఆమెకు గుర్తే. వరస మాత్రం లోకం మొత్తానికి ఒక్క కుళ్లాయప్ప గొంతులోనే మిగిలింది.

అందుకే అతను పట్టుబట్టాడు. ఇంట్లో చిన్న గది ఖాళీ చేసి, "ఇరవై ఏడూ రికార్డు చేసి తీరతా అవ్వా" అని ఆమె చేతిలో చెయ్యేసి మాటిచ్చాడు. అనంతపురంలో తెలిసిన దుకాణదారు ఒకడు అతని స్థోమతకు అందే మైకులు మూడిచ్చి, నెల గడువు పెట్టాడు. ఒకటి ఉంచుకుని రెండు తిరిగివ్వాలి.

మొదటిది గుండుసూది పడ్డా పట్టేసే రకం. గొంతులోని సన్నదనమంతా వచ్చేది, దాని వెంటే పక్కింటి కుక్కరు కూతా వచ్చేది. రెండోది, మిగతా రెంటిలా నడుమ డబ్బా అక్కర్లేకుండా, నేరుగా ల్యాప్‌టాప్‌కు తగిలించుకునేది. దాంతో పని తేలికే గానీ గది మోత వదలదు. మూడోది సభల్లో నోటి దగ్గర పట్టుకునే రకం, మూడింట్లోకీ చవక. బయటి రొదను దగ్గరికి రానివ్వదు, కానీ మూతి ఆనించినంత దగ్గరికి పోతే తప్ప పలకదు.

"దూదికేం తెలుసురా తన తూకమెంతో" అనే తత్వం పల్లవిని ఒకదాంట్లో పాడేవాడు, వినేవాడు. ఇంకోదాంట్లో పాడేవాడు, వినేవాడు. మైకును అటు జరిపి, ఇటు జరిపి మళ్లీ మొదలు. ఆ నెలలో ఆ ఒక్క ముక్క ఎన్ని వందలసార్లు పాడాడో దేవుడికే తెలియాలి. "ఆ దూదిని వదిలిపెట్టు నాయనా" అని పెళ్లాం నాగులమ్మ రెండు చేతులెత్తి దండం పెట్టింది. మైకుల సంగతి మాత్రం అన్నీ నేర్చేశాడు. తత్వం ఒక్కటీ రికార్డు కాలేదు.

గడువు రేపనగా, శనివారం పొద్దున, మూడింటినీ, డబ్బానూ ల్యాప్‌టాప్‌తో సహా సంచిలో వేసుకుని దస్తగిరమ్మ కొట్టానికి పోయాడు. గోడల వెంట దూది మూటల మధ్య ఆమె ఊయలలో వేసే చిన్న పరుపు కుడుతోంది.

"నువ్వే చెప్పాలవ్వా. ఏది ఉంచుకోమంటావు?" అని ఇయర్‌ఫోన్లు ఆమె చెవుల్లో పెట్టాడు.

మూడూ వింది. తీసి అతని చేతికిచ్చింది.

"మిగతా పాట యాడరా?"

"ఇది ఊరికే పరీక్షకు. పల్లవి చాల్లే అని..."

ఆమె దబ్బనంలో దారం ఎక్కించింది. "పాడు. మైకొద్దు."

పాడాడు. ఒక్కో చరణం కాగానే ఆమె పరుపులో ఒక ముడి బిగించింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అయిదో చరణం దగ్గర వరస ఒక్కసారిగా పైకి లేచి మలుపు తిరగాలి. కుళ్లాయప్ప నోరు తెరిచాడు. వరస రాలేదు. మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నాడు, మళ్లీ అక్కడే ఆగాడు. ఆ మలుపు కోసం లోపల ఎంత వెతికినా పల్లవే తగిలింది.

ఏడో చరణంలో ఇమామయ్య పేరు వస్తుంది. ఆ పేరు పలక్కుండా పాడేవాడు లేవకూడదు. దాహమేసినా, వాన పడినా సరే. ఇది ఆ తత్వాలు పాడే వాళ్లందరి నియమం. నెల రోజులుగా తన నోట ఆ పేరే రాలేదని కుళ్లాయప్పకు అప్పుడు తట్టింది.

దస్తగిరమ్మ దారం పంటితో తెంపింది. పరుపును ముడులున్న కొసన పట్టుకుని పైకెత్తి రెండుసార్లు విదిలించింది. ముడులు పడిన చోట దూది కదల్లేదు. పడని చోట జారి అడుగున ముద్దయింది. నడుమ ఉత్త గుడ్డ వేలాడింది.

"బిడ్డను పండబెడతావా దీంట్లో?"

కుళ్లాయప్ప తల ఎత్తలేకపోయాడు. సిగ్గు కంటే భయం ఎక్కువైంది. పాట తనతోనే పోతుందా? కళ్లు తుడుచుకుని, మఠం వేసుకుని కూర్చున్నాడు.

"అవ్వా, మాటలు చెప్పు."

ఆమె గుసగుసగా చెప్పింది. పాడే గొంతు లేదు కాబట్టి వరస కోసం దబ్బనాన్ని గాలిలో లేపి, దించి, కొసన కొంచెం వణికించి చూపింది. అతను పల్లవి నుంచి మొదలుపెట్టాడు. అయిదో చరణం దగ్గర విరిగింది. మళ్లీ పల్లవి. మళ్లీ విరిగింది. మధ్యాహ్నం నాగులమ్మ అన్నానికి రమ్మని ఫోన్ చేస్తే తర్వాతన్నాడు. గొంతు బొంగురుపోయింది, మంచినీళ్లు తాగి మళ్లీ ఎత్తుకున్నాడు. "ఈ పూట ఇక్కడినుంచి కదిలితే ఒట్టు" అన్నాడు. ఆమె మళ్లీ దబ్బనం లేపింది.

పొద్దు వాలి ఎండ గడప దాటి లోపలికొచ్చే వేళకు వరస లేచింది. తిరగాల్సిన చోట తిరిగింది. ఆరోది దాని వెంటే వచ్చింది. ఏడోది వచ్చింది, ఇమామయ్య పేరు వచ్చింది. దస్తగిరమ్మ అప్పటికే పరుపులో జారిన దూది సర్దుకుని ఉంది. అయిదో ముడి, ఆరో ముడి, చివరి ముడి బిగించింది.

కుళ్లాయప్ప ఊపిరి తీసుకోవడానికి కూడా ఆగలేదు. ల్యాప్‌టాప్ తెరిచి, సంచిలో చెయ్యి పెట్టి, ముందుగా తగిలిన మైకు తీసి డబ్బాకు తగిలించాడు. చవకది. ఆ దూది మూటల మధ్యే కూర్చుని పల్లవి నుంచి పేరు దాకా ఒక్క బిగిన పాడాడు.

ఇయర్‌ఫోన్లు ఆమెకిచ్చాడు. ఆమె కళ్లు మూసుకుని చివరిదాకా వింది. ఆఖర్న ఆమె పెదాలు కదిలాయి.

"ఇదే ఉంచుకోనా అవ్వా?" అని భయంభయంగా అడిగాడు.

"ఆయన పేరు ఇనపడింది గదా."

ఆమె ఇంకో పరుపు ముందుకు లాక్కుని దబ్బనంలో దారం ఎక్కించింది.

"ఇంక ఇరవై ఆరున్నాయి. ఎత్తుకో."