చాల్నా?

సుంకులమ్మ ఈసారి కూడా కొండెక్కలేకపోయింది.

సగం దారిలో, పెద్ద బండ దగ్గర మోకాళ్ళు పట్టేసి కూలబడింది. నాంచారమ్మవ్వ మఠంలో దీక్ష కావాలంటే, కొండ మీది ఊట నుంచి చెంబెడు నీళ్ళు ఎవరికి వాళ్ళే తెచ్చుకోవాలి. అవ్వ అంతకు మించి ఎవర్నీ ఏమీ అడగదు. ఆ ఒక్కటే సుంకులమ్మ వల్ల కావడం లేదు. తోటివాళ్ళు నిండు చెంబులతో దిగుతుంటే, వాళ్ళ వెనకాలే ఉత్త చెంబుతో దిగింది.

"ఒళ్ళు కొంచెం తగ్గాలమ్మా. మోకాళ్ళు మోయలేకున్నాయి" అన్నాడు మఠానికొచ్చే వైద్యుడు. నిజమే చెప్పాడు. మెల్లగానే చెప్పాడు.

ఆమె మాత్రం మెల్లగా వినలేదు. ఆ రోజు నుంచే పొద్దుటి గంజి మానేసింది. రాత్రి తిండి మానేసింది. మధ్యాహ్నం పంక్తిలో పిడికెడు సంగటి పెట్టించుకుని, విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టేది.

"కొంచెం పప్పన్నా పోస్తా మే" అనేవాళ్ళు వడ్డించేవాళ్ళు.

"వద్దు."

ఎంత నిగ్రహమో అనుకునేవాళ్ళు పంక్తిలో. ఆ మాట చెవిన పడితే సుంకులమ్మకి కడుపు నిండినట్టే ఉండేది. కాసేపే.

భోజనాలయ్యాక అందరూ నడుం వాల్చేవాళ్ళు. అప్పుడు ఆమె కాళ్ళు వాటంతటవే వంటకొట్టు వైపు నడిచేవి. చల్లారిన సంగటి, బెల్లం, అడుగంటిన పప్పు, వేయించిన శనక్కాయలు. ఏది ముందో ఏది వెనకో, రుచేమిటో, ఏమీ తెలిసేది కాదు. కడుపులో నొప్పి పుడితే గానీ చెయ్యి ఆగేది కాదు. తర్వాత మూతి తుడుచుకుని, గోడకానుకుని ఏడ్చేది. మర్నాడు ఆ పిడికెడు కూడా వద్దనేది. ఆ మధ్యాహ్నం మళ్ళీ కొట్లోకే పోయేది.

"కొట్లో ఎలుకలు పడినాయా తిమ్మక్కా?" అని ఎవరో అడిగారు ఒకరోజు.

"ఎలుకలు గాదు, ఏనుగు పడింది. రేపట్నుంచి తాళమేస్తానవ్వా" అంది వంట చూసే తిమ్మక్క, అవ్వ వైపు తిరిగి.

అందరూ నవ్వారు. నవ్వకపోతే తెలిసిపోతుందని సుంకులమ్మ కూడా నవ్వింది.

అవ్వ నవ్వలేదు. "తాళం వద్దు" అంది.

ఆ సాయంత్రం సుంకులమ్మ వెళ్ళి అవ్వ కాళ్ళ దగ్గర కూర్చుంది.

"ఇంకా గట్టి వ్రతమేదన్నా ఇయ్యవ్వా. ఈ నోరు కట్టేసేది. లేకుంటే నన్ను పంపించెయ్యి."

"పంపిస్తే యాడికి పోతావు?"

అవ్వ మళ్ళీ వత్తులు చేసుకోవడంలో పడింది.

మర్నాడు మధ్యాహ్నం కొట్టు తలుపు తెరుచుకుంది. గుమ్మంలో అవ్వ. సుంకులమ్మ చేతిలో బెల్లం గడ్డ, నోటి నిండా సంగటి. మింగలేక, ఉమ్మలేక అట్లే నిలబడిపోయింది.

అవ్వ లోపలికొచ్చింది. మూలనున్న మోదుగ విస్తరి తీసి నేల మీద పరిచి, నీళ్ళు చిలకరించింది.

"కూర్చో."

కూర్చుంది. అవ్వ వంగలేక వంగి సంగటి పెట్టింది. పప్పు పోసింది. ఆమె చేతిలోని బెల్లం గడ్డ తీసుకుని, ఒక ముక్క విరిచి విస్తరి అంచున పెట్టింది. తర్వాత తానూ ఎదురుగా కూర్చుని, ఆమె తింటుంటే చూసింది. ముద్ద అయిపోవచ్చాక గరిటె ఎత్తి అడిగింది.

"చాల్నా?"

"వద్దవ్వా."

"వద్దా అని అడగలేదే. చాల్నా అని అడిగినా."

సుంకులమ్మ నోరు తెరిచింది. పరాయివాళ్ళ ఇంటి తలుపు తట్టి నిలబడ్డట్టు, తన కడుపు వైపే చూస్తూ ఉండిపోయింది.

"తెలీదవ్వా" అంది చివరికి.

"ఇట్ల అడిగేవాళ్ళు ఎవరన్నా ఉన్నారా నీకు?"

"మా యమ్మ అడుగుతుండె."

"ఇప్పుడు?"

"పోయింది. దినం నాడు ఊరందరికీ నేనే వడ్డించినా. అందరూ పోయినాక గిన్నెలు కడగల్లని పోయి, మిగిలిందంతా..."

అవ్వ గరిటె పట్టుకుని అట్లే కూర్చుంది, విస్తరిలో సుంకులమ్మ కన్నీళ్ళు పడుతుంటే.

ఆ రోజు నుంచి పంక్తిలో సుంకులమ్మకి అవ్వే వడ్డించేది. పొద్దున గంజి, మధ్యాహ్నం సంగటి, రాత్రి మళ్ళీ ఏదో ఒకటి. మానడానికి లేదు. ప్రతిసారీ అదే మాట: చాల్నా? "ఇంకొంచెం" అని నలుగురిలో అన్న మొదటిసారి సిగ్గుతో సుంకులమ్మ చెవులు కాలిపోయాయి. తిమ్మక్క నొసలు చిట్లించింది. అవ్వ ఇంకొంచెం పెట్టింది.

కొట్లోకి పోవడం ఒక్కసారిగా ఆగలేదు. పోయిన రోజున కూడా అవ్వ రాత్రి గంజి తగ్గించలేదు.

"మరి ఒళ్ళు తగ్గేదెప్పుడవ్వా? కొండ ఎక్కేదెప్పుడు?"

"కొండ యాడికీ పోదులే. కూర్చో."

ఆ వేసవిలో పెద్ద బండ దాటి ఇంకో మలుపు దాకా ఎక్కింది. మళ్ళీ ఉత్త చెంబే. అవ్వ ఆ చెంబు అందుకుని, "మలుపు దాటినావా!" అంది, నీళ్ళు తెచ్చినంత సంబరంగా.

వానలు మొదలయ్యేసరికి అవ్వ మంచం పట్టింది. పంక్తికి రాలేకపోయేది. సుంకులమ్మే జావ కాచి, తల ఒళ్ళో పెట్టుకుని, చెంచాతో పోసేది. ఒకరోజు పొద్దున రెండు చెంచాలు మింగి అవ్వ మొహం పక్కకి తిప్పుకుంది.

"చాల్నా అవ్వా?"

అవ్వ కళ్ళు తెరిచింది. ఆమె వైపు చాలాసేపు చూసింది.

"చాలు" అంది.

ఆ తర్వాత ఇంకేమీ మాట్లాడలేదు. పొద్దు గూకకముందే పోయింది.

సమాధి అయ్యాక వచ్చినవాళ్ళందరికీ సుంకులమ్మే వడ్డించింది. అందరూ తిన్నారు, వెళ్ళారు. తిమ్మక్క ఏడ్చి ఏడ్చి వసారాలో నిద్రపోయింది. గిన్నెలు మిగిలాయి.

సుంకులమ్మ కొట్లోకి పోయింది. బెల్లం కుండ మూత తీసింది. చెయ్యి లోపలికి పోయింది, గడ్డ మీద బిగుసుకుంది. అట్లే నిలబడింది చాలాసేపు.

తర్వాత మూలనున్న విస్తరి తీసి నేల మీద పరిచింది. నీళ్ళు చిలకరించింది. సంగటి పెట్టుకుంది, పప్పు పోసుకుంది, ఒక ముక్క బెల్లం విరిచి అంచున పెట్టుకుంది. ఏడుస్తూనే తింది. ముద్ద అయిపోవచ్చాక గరిటె చేతిలోకి తీసుకుంది.

"చాల్నా, సుంకీ?"

అడిగి, జవాబు కోసం ఆగింది.