చేదుదోసమ్మ వెలసిన పెరడు

సారవపేటలో బస్సు దిగి మెట్టదారిన కొంతదూరం నడిస్తే ముళ్ళకంచె వేసిన ఒక పెరడు కనిపిస్తుంది. గోపురం, ధ్వజస్తంభం లేని ఈ చోటే చేదుదోసమ్మ సన్నిధి. తాటాకు పందిరి కింద, దోసపాదు మొదట్లో, జానెడు నల్లరాతి రూపంలో అమ్మ కొలువై ఉన్నది. అభిషేక జలం తిన్నగా పాదులోకే పోతుంది.

పూర్వం ఇక్కడ ఒక రైతు లోగిలి ఉండేది. ఆ ఇంటి పెద్దకోడలు ఎరకమ్మ, చిన్నకోడలు చినతల్లి. మృగశిర కార్తెలో తొలిచినుకు పడగానే అత్తగారు ఇద్దరికీ దోసగింజలు పంచింది. ఇద్దరూ పెరట్లో చెరొకవైపు గుంట తవ్వి, మాగిన పశువుల ఎరువు కలిపి గింజలు నాటారు. ఎరకమ్మ గింజలు చీమలపాలయ్యాయి. చినతల్లివి మొలకెత్తి, తీగ సాగి పందిరెక్కాయి.

"చినకోడలిది చల్లని చెయ్యి" అన్నది అత్తగారు నలుగురిలో. ఆ మాట ఎరకమ్మ గుండెలో ముల్లై దిగింది.

ఆ ఏడు వానలు మొగం చాటేశాయి. నుయ్యి అడుగంటింది. ఇంట్లో నీళ్ళు పంచే పెత్తనం ఎరకమ్మది. పూతమీదున్న తీగ వాడిపోతుంటే చినతల్లి వచ్చి అడిగింది.

"అక్కా, పిందె పడే వేళ. ఇప్పుడు నీళ్ళు తగ్గితే కాయ చేదెక్కిపోద్ది. ఒక్క చెంబు ఇయ్యవే."

"మనుషులకే గొంతు తడవడం లేదు. నీ పాదుకి నన్నేటి సెయ్యమంటావు?"

గది మూల నిండుకుండ ఉన్నదని ఎరకమ్మకు తెలుసు. చినతల్లి మరి అడగలేదు. తన వంతు తాగునీరే పాదుకు పోయసాగింది. పెదవులు పగిలి, జ్వరం తగిలినా మానలేదు. ఎరకమ్మ గుమ్మంలోంచి చూసి ఊరుకున్నది.

ఒక మధ్యాహ్నం చినతల్లి పాదు పక్కనే కూలిపోయింది. ఎరకమ్మ దాచిన కుండ ఎత్తుకుని పరుగున వచ్చి నోట్లో నీళ్ళు పోసింది. అవి పెదవి చివరనుంచి జారి పాదులో ఇంకిపోయాయి. చినతల్లి లేవలేదు.

కర్మలు ముగిశాక తొలికాయ పండింది. ఎరకమ్మ ముక్క కోసి నోట వేసుకుంటే కటికచేదు. తట్టుకోలేక పాదు పెళ్ళగించబోతే గునపం రాతికి తగిలింది. మట్టి తీసి చూస్తే స్త్రీ ముఖం! ఆమె భయంతో అక్కడే ఒరిగి సొమ్మసిల్లింది. కలలో అమ్మ కనిపించింది.

"తల్లీ, దీన్ని తీపి చెయ్యి" అని వేడుకున్నది ఎరకమ్మ.

"అది నీ చేతిలో ఉన్ననాడు నువ్వు చెయ్యలేదు. పాదు పీకకు. చేదు నువ్వు తిను, గింజ ఊరికి పంచు."

ఎరకమ్మ ముసలిదయ్యేదాకా ఆ పాదుకు నీళ్ళు మోసింది. ఏ ఏడూ కాయకు చేదు విరగలేదు.

నేటికీ మృగశిర కార్తెలో, మాటలు లేని అన్నదమ్ములు, తోడికోడళ్ళు ఇక్కడికి జంటగా వస్తారు. పూజారమ్మ ఇచ్చిన గింజలను ఇంటి పెరట్లో ఒకరు నాటితే రెండవవారు నీళ్ళు పోయాలి. ఆ తీగ తియ్యని కాయ కాస్తుందని, ఆ ఇంట కలతలు తీరుతాయని భక్తుల విశ్వాసం.

ఒంటరిగా వచ్చి, పోయినవారి పేరు చెప్పి ఏడ్చేవారూ ఉంటారు. వారికి గింజలు ఇవ్వరు. అమ్మ పాదున కాసిన కాయ ముక్క కోసి చేతిలో పెడతారు. వారు దాన్ని ఉమ్మకుండా తిని వెళ్ళిపోతారు.