పైడి తట్టిన మూల గోడ

అనగనగా ఒక అడవిలో పైడి అనే వడ్రంగిపిట్ట ఉండేది. దాని గొంతులో ఒక మాట అడ్డం పడి ఉండేది. చెట్టుతో చెప్పలేదు, చేమతో చెప్పలేదు. ఆ మాట ఇది: "ఆ మూల గోడ డొల్లని నాకు ముందే తెలుసు."

ఎలా తెలుసంటారా? వినండి మరి.

ఆ అడవిలో భూమి అప్పుడప్పుడూ అదిరేది. అందుకని ఎవరు రాళ్ళూ మట్టీ పేర్చి ఇల్లు కట్టుకున్నా, గృహప్రవేశానికి పైడిని పిలిచి చూపించుకునేవారు. పైడి గోడని ముక్కుతో తట్టి వినేది. గట్టి గోడైతే 'టక్' అనేది. లోపల బోలుగా ఉంటే 'డబ్' అనేది.

మొదట ముళ్ళపంది ఇల్లు. అక్కడ అన్ని గోడలూ డబ్ అన్నాయి.

"మామా, గోడలో లోపలి వరసకీ బయటి వరసకీ పొత్తు లేదు. రెండూ కలిసేలా పొడుగు రాళ్ళు అడ్డంగా పెట్టు. ఇంటి చుట్టూ వెదురు పట్టీ బిగించు. కప్పు మీద బండలు దించి గడ్డి వెయ్యి," అంది పైడి.

"పాయసం తాగుతూ చెప్పే మాటేనా ఇది? నీ నోటికన్నా నా ముళ్ళే నయం," అని ముళ్ళపంది కసిరింది. కసురుతూనే, నెల తిరిగేలోగా చెప్పినవన్నీ చేసింది.

తరవాత ముంగిస ఇల్లు. అక్కడా అదే మాట చెప్పింది పైడి.

"శుభమా అని కొత్తింట్లో కాలు పెడుతుంటే కూలుతుందంటావా? లే, విస్తరి ముందు నుంచి లే," అని ముంగిస పంపేసింది. గోడ మాత్రం ముట్టుకోలేదు.

ఆ సంగతి అడవంతా పాకింది. పైడి ఎదురైతే చాలు, "అదుగో, అపశకునం వస్తోంది," అని నవ్వేవారు.

మూడోది కుందేలు నాగరత్నం ఇల్లు. నాగరత్నం పైడికి చిన్ననాటి నేస్తం. గుమ్మంలోనే పట్టుకుని, "ఒసే, ఇవాళ మాత్రం మంచి మాటే చెప్పవే. నీకు దణ్ణం పెడతా," అంది.

పైడి తట్టింది. మూడు మూలలు టక్ అన్నాయి. నాలుగోది డబ్ అంది. మళ్ళీ తట్టింది. మళ్ళీ డబ్.

నాగరత్నం మామగారు కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. ముసలాయనకి బొత్తిగా చెవుడు.

"చూడ్డానికే పొడుగమ్మా ఈ చెవులు, పనికిరావు. నువ్వే విని చెప్పు. ఈ మూల వెచ్చగా ఉంది. పక్క ఇక్కడ వేసుకోనా?" అన్నాడు.

అందరూ పైడి వంకే చూస్తున్నారు.

"బాగుంది తాతా. వేసుకో," అని తల ఊపి చూపింది పైడి.

ఆ రోజు దానికి అడగకుండానే రెండోసారి పాయసం వడ్డించారు.

రెండు నెలలు గడిచాయి. ఒక మిట్టమధ్యాహ్నం భూమి అదిరింది. ముళ్ళపంది ఇంట్లో కాస్త మట్టి రాలింది, అంతే. ముంగిస ఇల్లు కూలింది. కానీ పైడి మాట చెవిలో ఉండబట్టి, ముంగిస తొలి అదురుకే పిల్లల్ని నోట కరుచుకుని బయటపడింది. నాగరత్నం ఇంట్లో మూడు మూలలు నిలిచాయి. నాలుగోది, నిద్రపోతున్న తాత మీద పడింది.

రాళ్ళు తీస్తుంటే ముందు ఆయన చేతికర్ర దొరికింది.

నాగరత్నం పైడిని వాటేసుకుని ఏడ్చింది. "నువ్వు చూసి బాగుందన్న గోడే కదే. ఆయన రాత. నీ తప్పేముంది?" అంది.

ముంగిస పంపేసినప్పుడు కూడా పైడికి ఇంత బాధ కలగలేదు.

పదమూడో రోజున నాగరత్నమే అంది: "అవతలి కొండ మీద మా ఆడపడుచు సుశీల ఇల్లుంది చూడు, అదీ మా ఆయన కట్టిందే. ఇదెలా కట్టాడో అదీ అలాగే. నాన్న పోయాక ఆ ఇంట్లోకి దిగాలంటే భయమేస్తోందట. గోడ తప్పు కాదమ్మా, పైడే చూసిందని కబురు పెట్టా. రేపు పిల్లలతో దిగుతోంది."

'అంటే ఆ ఇంటి మూల కూడా డొల్లే,' అనుకుంది పైడి.

అవతలి కొండకి ఎగరాలంటే రెండు రోజులు. ఆ అడవిలో ఫోనంటే కొండ అంచున ఉన్న ఎండు మోడే. దాని మీద కొడితే మాట అవతలికి చేరేది. కాకపోతే ఇవతల ఉన్నవాళ్ళందరికీ వినపడేది. నాగరత్నానికి కూడా.

పైడి వెళ్ళి మోడు మీద వాలింది. ముక్కు ఎత్తింది, దించేసింది. మళ్ళీ ఎత్తింది, దించేసింది.

'నాగరత్నం నన్ను ఇంక గుమ్మం ఎక్కనివ్వదు,' అనుకుంది.

తాత చెవులు గుర్తొచ్చాయి. తమకి వినపడక, వినే పనంతా తనకే వదిలేసిన ఆ పెద్ద చెవులు.

'ఎక్కనివ్వకపోతే పోనీ,' అనుకుంది.

చెప్పాల్సింది మనసులో వరసగా పేర్చుకుంది: సుశీలా, ఆ ఇంట్లో దిగకు. మూల గోడ డొల్ల. మీ నాన్న అడిగిన రోజున నాకు తెలుసు. తెలిసే బాగుందన్నాను.

మూడోసారి ముక్కు ఎత్తింది. ఈసారి కొట్టడానికే.

నీతి: ఇంటి లోపం కనిపిస్తే, ఎంత శుభవేళైనా ఆ ఇంటివాళ్ళకి చెప్పి తీరాలి. నిన్న చెప్పలేకపోయినవాళ్ళు ఇవాళైనా చెప్పాలి.