ఈరమ్మను లేపిన పుంజు

చిన్న కథే, నాలుగు మాటల్లో చెప్పేస్తాను. మా మఠంలో వీరయార్యులు గారిని ఎవరేం అడిగినా నేరుగా జవాబివ్వరు. ఎక్కడో జరిగిన సంగతి ఒకటి చెప్పి లేచిపోతారు. దానివల్ల శిష్యులకు జ్ఞానం ఎంత పెరిగిందో నాకు తెలియదు. నారపరెడ్డి ఎన్నో ఏళ్లుగా వింటున్నాడు, పక్క చేను గట్టు మాత్రం ఏటా జానెడు జరుపుతూనే ఉన్నాడు. సుంకన్న కళ్లు మూసుకుని ధ్యానంగా వింటాడు, గురక ఒక్కటే దాచలేడు.

ఇంతకీ ఆ రోజు అడిగింది చౌడప్ప. "స్వామీ, పోయినదాన్ని అచ్చం అలాగే మళ్లీ తెచ్చుకోవాలనుకోవడం తప్పా?" అన్నాడు. పోయిన భార్య చెల్లెలి కోసం అత్తగారి ఊరికి తెగ తిరుగుతున్నాడని మాకందరికీ తెలుసు కాబట్టి ఎవరూ నవ్వలేదు.

గురువుగారు కోళ్ల సంగతి ఎత్తారు.

ఓబులమ్మ అనే ఆమె ఇంట్లో గుట్టజాతి కోళ్లు ఉండేవట. ఆ పుంజు కూత అందుకుంటే మనం ముఖం కడుక్కుని వచ్చేదాకా ఆపదు. వాటిని పెంచిన ఆమె భర్త తిప్పన్న కాలం చేశాడు. మరుసటి ఏడు కొక్కెర తెగులు వచ్చి కోళ్లన్నీ పోయాయి. అత్త ఈరమ్మకు చూపు లేదు. ఆ కూత వింటేనే ఆమెకు తెల్లవారేది. కూత ఆగిపోయాక మంచం దిగలేదు, అంబలి ముట్టలేదు.

"పొద్దెక్కింది అత్తా, ఎండ చూడు ఎంత వెచ్చగా ఉందో" అంటే, "మంచం కాడ కుంపటి పెట్టి ఎండ అంటావా? ఇంకా తెల్లారలేదు" అనేది.

సంతలో అడిగితే ప్రతివాడూ తన గంపలోదే ఆ జాతి అన్నాడు. ఒకదాన్ని తెస్తే అదీ కూసింది. ఈరమ్మ విని, "అదెవరింటిదో. వాళ్లకు తెల్లారిందేమో" అని అటు తిరిగి పడుకుంది. ఆమె ఎముకలు తేలుతున్నాయి. చివరికి గాజులు అమ్మే ఆమె చెప్పింది, తిప్పన్న మొదట ఆ కోళ్లను గుట్ట అవతలి పల్లె నుంచి తెచ్చాడని.

ఓబులమ్మ వెళ్లింది. ఆ పల్లెలో ప్రతి గోడ మీదా గుట్టజాతి పుంజే. ఒక్కటీ నోరు తెరవడం లేదు. మనుషులు కూడా అడుగు చప్పుడు కాకుండా నడుస్తున్నారు. ఒక ముసలాయన ఒళ్లో పుంజును పెట్టుకుని కూర్చున్నాడు.

"డబ్బులొద్దు తల్లీ. ఎవరిని లేపాలో దీని చెవిలో చెప్పు. పేరు పెట్టి చెప్పాల."

అత్త పేరు కోడలు నోట పలికే ఇల్లు కాదది. రేషను కొట్లో అడిగినా పక్కనున్నవాళ్లు అందించాల్సిందే. ఓబులమ్మ వంగి, "మా ఇంటోళ్లందరినీ లేపు" అంది.

"అందరినీనా?" అన్నాడు ముసలాయన.

"అందరినీ."

ఆయన పుంజును గంపలో పెట్టి, పైన గుడ్డ కట్టి ఇచ్చాడు.

మరునాడు అది కూసింది. ఈరమ్మ లేచి కూర్చుంది. "తెల్లారింది. అంబలి పొయ్" అంది. తర్వాత పెరటి వైపు ముఖం తిప్పి, "ఇంకో గిన్నె కూడా పెట్టు. వాడూ లేచినాడు" అంది. ఆ ఇంట్లో పోయినవాళ్లను పెరటి వెనక చేలోనే పూడుస్తారు. ఓబులమ్మ రెండో గిన్నె తీసుకెళ్లి పెరటి గడప మీద పెట్టింది. కాసేపటికి రెండు గిన్నెలూ ఖాళీ అయ్యాయి. ఆమె రెండూ కడిగి బోర్లించింది.

మఠంలో ఆ రోజు సుంకన్న కూడా మేలుకునే ఉన్నాడు.

"ఆ పుంజును కోసేయొచ్చు కదా, స్వామీ?" అన్నాడు చౌడప్ప, గొంతు తగ్గించి.

గురువుగారు కండువా దులుపుకుని లేచారు.

"కోస్తే ముసలామెకు తెల్లారదు కదయ్యా."