పండు ఈగ లోపల పూరీలా పొంగే వీధి

ఒకప్పుడు పండు ఈగకి ఎండంటే వణుకు. ఎండకి వణకడమేమిటని నవ్వకండి, నిజంగానే వణికేది! పండు ఈగంటే తెలుసుగా? అరటిపండు తొక్క తీశామో లేదో, పిలవకుండానే వచ్చేసి ముక్కు ముందు గింగిరాలు కొడుతుందే, అదే. నువ్వుగింజంత ఉంటుంది. గొప్పలు మాత్రం గుమ్మడికాయంత.

ఓ మామిడితోటలో పిసరమ్మ అనే పండు ఈగ ఉండేది. ఎర్రెర్రటి కళ్ళు, కడుపు నిండా గుడ్లు. మర్నాడు పొద్దువాలే వేళకి మగ్గిన పండు చూసుకుని ఆ గుడ్లు పెట్టేయాలి. అదీ ఆమె ఆశ.

ఇంతలో వడగాలి వచ్చాడు.

“ఏమే పిసరా, ఇంకా ఎగురుతున్నావూ?”

“ఎగరక, నీలాగా ఊరికే ఊదుకుంటూ తిరగనా, మామా?”

వడగాలికి ఒళ్ళు మండింది. అసలే మండే ఒళ్ళు! ఒక్క ఊదు ఊదాడు. పిసరమ్మ టప్పున కింద పడి, ఆరు కాళ్ళూ ఆకాశానికెత్తేసింది. ఓ మబ్బు అడ్డొచ్చి కాస్త నీడ పట్టింది కాబట్టి బతికింది.

“ఇవాళ మబ్బు కాచింది. రేపు మిట్టమధ్యాహ్నం వస్తా. నువ్వూ ఉండవు, నీ గుడ్లూ ఉండవు!” అనేసి వడగాలి వెళ్ళిపోయాడు.

పిసరమ్మ అలా ఎందుకు పడిపోయింది? తెలియాలంటే ఆమె లోపలికి వెళ్ళాలి. చెప్పులు బయట విడిచి రండి.

ఈగ లోపల దారంలాంటి పొడుగాటి వీధి ఉంది. వీధి పొడుగునా ఇళ్ళు. ఒక ఇల్లు కంటికి ఎరుపు చేస్తుంది, ఇంకొకటి రెక్కకి బిగువు చేస్తుంది. ఏ సరుకైనా సన్నటి సేమ్యా పోగులా బయటికొస్తుంది. దాన్ని సరిగ్గా మడిస్తేనే పనికొస్తుంది. వేడి తగిలిందా, మడతలు విడిపోయి, పోగులన్నీ అతుక్కుని ముద్దైపోతాయి. ఈగ కుప్పకూలుతుంది.

ఆ ముద్దల్ని విడదీసి మళ్ళీ మడతపెట్టే ఇల్లు వీధి మొత్తానికీ ఒక్కటే. అది మడతల మంగతాయిది.

మరి ఆవిడేం చేస్తోంది, నిద్రపోతోందా? కాదు, కబుర్లు చెబుతోంది!

ఆ వీధిలో ఓ ఆచారం ఉండేది. పని మొదలుపెట్టే ముందు, ఎలా చేయాలో గడప మీద నిలబడి బిగ్గరగా చెప్పాలి. ఉత్త పని మాటలే చెబితే పరువు తక్కువ. మధ్యమధ్యలో సొంత డప్పు కలపాలి. “పోగు పట్టండి... మా తాతగారు ఏనుగుతో కుస్తీ పట్టారు... ఇటు వంచండి... మా వదిన ముక్కుపుడక చూశారా...” ఇలాగన్నమాట! తర్వాత కత్తెరవాళ్ళు వచ్చి కబుర్లు కత్తిరించి, అసలు మాటలు అతికిస్తేగానీ పని మొదలవదు. కబుర్లెంత పొడుగైతే అంత గొప్పిల్లు. అందరికన్నా పొడుగు మంగతాయివే.

ఆ రోజు ఆవిడ కబుర్ల మధ్యలో ఉండగానే కత్తెరవాళ్ళు వేడికి సొమ్మసిల్లారు. ఇక కత్తిరించేదెవరు? పని సాగలేదు.

సాయంత్రం చల్లబడ్డాక మంగతాయి ఇంటిల్లిపాదినీ పిలిచింది.

“రేపటినుంచి మనింట్లో కబుర్లు బంద్. మొదటి మాట నుంచి చివరి మాట దాకా పనే.”

“అదేంటక్కా, మన పరువో?” అన్నాడు తమ్ముడు గవరయ్య.

“పిసరమ్మే లేకపోతే పరువుని ఎక్కడ ఆరేసుకుంటావురా? ఇంకా విను. ఒక్కిల్లు చాలదు. నా ఇంటికి వీపు ఆనించి నువ్వు అచ్చం ఇలాంటిదే కట్టు. చెల్లెళ్ళూ, మీరు ఆ పక్క మలుపులో ఇలాంటివే వరసగా కట్టుకోండి.”

“మరి మేము?” అన్నారు ఆ ఇంట్లోనే ఉండే బుల్లి మడతలవాళ్ళు.

“మీరు వీధి అటు చివర గుంపుగా ఉండండి. అటువైపు ముద్దలు మీవి. ఇంకోటి. చెప్పేవాళ్ళు మొదటి మాట పలికేసి, నోరు తెరుచుకునే గడప మీద నిలబడాలి. వేడి తగలగానే రెండో మాట అందుకోవాలి.”

“నోట్లో ఈగలు దూరితే?”

“మనమే ఈగలో ఉన్నాంరా, గవరయ్యా!”

రాత్రికి రాత్రే కొత్త ఇళ్ళన్నీ లేచాయి. ఇరుగుపొరుగు కిసుక్కున నవ్వారు. “పాపం, మంగతాయింట్లో చెప్పుకోడానికి కబుర్లే లేవంట!” అంటూ కంటి ఎరుపు ఇంటావిడ పొట్ట పట్టుకుంది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం వడగాలి బుగ్గలు పూరించుకుని వచ్చాడు.

“వచ్చావా మామా? ఉక్కగా ఉంది, కాస్త విసిరిపో” అంది పిసరమ్మ.

వడగాలి ఊదాడు. లోపల కత్తెరవాళ్ళు ధబధబా పడ్డారు. “మా ముత్తాతగారూ...” అంటూనే ఎరుపింటావిడ గొంతు పట్టేసింది. పోగులు ముద్ద కట్టసాగాయి.

“అందరూ ఆగండి! ఇప్పుడు మా వంతు!” అని కేకేసింది మంగతాయి.

వీధంతా గప్‌చుప్. తెరిచి ఉన్న నోళ్ళన్నీ ఒక్కసారిగా అందుకున్నాయి.

“పట్టు! విప్పు! మడిచెయ్! పట్టు! విప్పు! మడిచెయ్!”

కబుర్లు లేవు. కత్తెర అక్కర్లేదు. ఈ ఇంట్లోంచి, ఆ ఇంట్లోంచి, మలుపులోంచి, అటు చివర్నుంచి మడతలవాళ్ళు బిలబిలమంటూ వచ్చి ముద్దల మీద పడ్డారు. ఆ జోరుకి వాళ్ళ ఇళ్ళున్న చోట వీధి పూరీలా బుస్సున పొంగింది!

పిసరమ్మ తూలింది. ఓ కాలు మడత పడింది. కానీ పడిపోలేదు. నిలబడింది! రెక్క విదిల్చింది!

ఊదీ ఊదీ వడగాలి బుగ్గలు పీక్కుపోయాయి.

“అయిపోయిందా మామా, ఇంకేమైనా మిగిలిందా?”

వడగాలి దగ్గుకుంటూ కొండ దాటిపోయాడు. పొద్దువాలే వేళ పిసరమ్మ తోటలోకెల్లా తియ్యటి పండు మీద గుడ్లన్నీ పెట్టేసింది. ప్రతి గుడ్డులోనూ అదే వీధి, అవే జంట ఇళ్ళు.

“మంగతాయీ, గొప్పదానివే. మా కబుర్లు మాత్రం మేం మానం సుమా!” అంది ఎరుపింటావిడ.

“మానకండమ్మా. చల్లగా ఉన్నప్పుడు మేమూ వింటాం.”

అప్పటినుంచే పండు ఈగలో ఎండదెబ్బ కాచుకునే జన్యువులు, అంటే మంగతాయివాళ్ళ ఇళ్ళు, ఒకే రకానివి పక్కపక్కనే, వీపుకి వీపు ఆనించి ఉంటున్నాయి. వాటి మాటల్లో అనవసరపు ముక్క ఒక్కటీ ఉండదు. వేడి తగిలిన క్షణాన మిగతా వీధంతా నోరు మూసుకుంటే, అవి మాత్రం పూరీల్లా పొంగి, జయజయమంటూ పనిలోకి దూకుతాయి!